మంచు సారు ఆడిన రెండు అబద్ధాలు

బత్తాయిలు డబ్బిచ్చి కొనడం నా జీవితంలో మొన్ననే మొదలు. బత్తాయి తోట ఉన్న ఇంట్లో పుట్టి, చిన్నప్పుడు ఆ కాయలతో బంతాట ఆడినదాన్ని. అట్లాంటిది నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర తోపుడుబండి ముందు నిలబడి "కిలో ఎట్ల?" అని అడుగుతుంటే నాకే నవ్వొచ్చింది. దవాఖానలో ఉన్న ఒక పాత స్నేహితురాలిని చూడబోతున్నాను, వట్టి చేతులతో ఎట్లా పోను? కాయ పట్టుకోగానే మా దిక్కుది కాదని తెలిసింది. తోలు మందం, బరువు లేదు. బండివాడితో ఆ మాటే అంటుంటే వెనక నుంచి ఎవరో "మేడం, మంచిగున్నరా?" అన్నారు. చూస్తే మా కాలేజీలో పనిచేసిన అటెండరు.

మంచీ చెడ్డా అయ్యాక అతను గొంతు తగ్గించాడు. "మన మంచు సారు పోయిండు మేడం. తెల్వదా మీకు?"

"ఎప్పుడు?"

"ఐదు రోజులాయె. దేవరకొండ బస్సుల. కిటికీ పక్కన కూసున్నోడు కూసున్నట్టే పోయిండట. అందరు దిగినంక గని కండక్టరుకు తెల్వలేదట."

నేను దవాఖానకు పోలేదు. బత్తాయిల సంచి పట్టుకుని బస్టాండులో సిమెంటు బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, ఏడ్చే హక్కు నాకు ఎక్కడిదని దాన్ని మింగాను. ఆయనకు నేను ఒక మాట బాకీ. అది ఎట్లాంటి మాటో చెప్పాలంటే ముందు ఆయన ఎట్లాంటివాడో చెప్పాలి.

రాష్ట్రం వచ్చిన రెండో ఏడు మా జూనియర్ కాలేజీకి ఫిజిక్స్ చెప్పడానికి కాంట్రాక్టు మీద వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ ఎరగని చొక్కాతో ఉండేవాడు. జేబులో పెన్ను ఉండదు, ఆరంగుళాల స్టీలు స్కేలు ఉంటుంది. నేను తెలుగు చెప్పేదాన్ని. స్టాఫ్ రూములో ఆయన కుర్చీ నా పక్కనే పడింది. నా నోరు మంచిది కాదని కాలేజీ అంతా ఎరుగును, ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"దేని మీద పరిశోధన చేసిండ్రు సార్?" అని మొదటిరోజే అడిగాను.

"కొండల మీది మంచు మేడం. అది ఇంకా ఎన్నేండ్లుంటదో లెక్క గట్టుడు."

"నల్లగొండోళ్ళకు మంచుతోటి ఏం పని సార్, సోడాల ఏసుకునుడు తప్ప?"

స్టాఫ్ రూమంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. "మా అమ్మ గూడ గిదే అడిగింది మేడం," అన్నాడు. ఆ రోజు నుంచే పిల్లలకూ మాకూ ఆయన మంచు సారు అయిపోయాడు. ఎవరూ పేరుతో పిలవలేదు కనుక ఇక్కడ నేనూ రాయను.

ఉత్తరాన ఏదో సంస్థలో ఏడేళ్ళు ఆ పనే చేశాడట. ఎండాకాలంలో హిమాలయాలకు పోయి, మంచులో బొక్క చేసి వెదురు కర్రలు దింపేవారట. మరుసటి ఏడు పోయి, కర్ర ఎంత బయటపడితే అంత మంచు కరిగినట్టు రాసుకునేవారు. ఆయన తన చేత్తో దింపిన కర్రలు రెండేళ్ళకే మొత్తం బయటపడి అడ్డంగా పడి ఉన్నాయని చెప్పాడు. అది చెప్పేటప్పుడు స్కేలును బల్ల మీద నిలబెట్టి, మెల్లగా పడుకోబెట్టాడు. ఫెలోషిప్పు అయిపోయింది, పోస్టు రాలేదు, తల్లికి పక్షవాతం. ఊరికి తిరిగొచ్చాడు. పోస్టు సంగతి ఎత్తితే ఒకటే మాట: "నా పోస్టుకన్న ముందు మంచే అయిపోయేటట్టున్నది మేడం."

ఊరికి వచ్చాడు కానీ ఆ మంచును వదిలి రాలేదు. కాలేజీ ల్యాబులో ఎవరూ ముట్టని పాత కంప్యూటర్ ఒకటి ఉంటే దానిలో పెట్టుకున్నాడు. ఆ కొండ వాలు, పడే మంచు, కాసే ఎండ, మంచు మందం, అన్నీ అంకెలుగా మార్చి దానికి ఇచ్చేవాడు. మంచు కదలదని నేను అనుకునేదాన్ని. "కదుల్తది మేడం. తాంబాళం వంచితె బెల్లంపాకం ఎట్ల జారుతది? గట్లనే, కని మన కండ్లకు ఆనదు," అన్నాడు. తెలుగులో దాన్ని హిమానీనదం అంటారని నేను చెబితే ఎంత సంబరపడ్డాడో. రెండు మూడుసార్లు పైకి అనుకుని, "నదే గద మరి," అన్నాడు.

శనివారం సాయంత్రం ఆ లెక్క మొదలుపెడితే సోమవారం పొద్దుటికి తేలేది, అదీ కరెంటు పోకుంటే. ఎవరైనా స్విచ్చు ఆపేస్తారని కంప్యూటర్‌కు ఒక కాగితం అంటించాడు: "దయచేసి ఆపవద్దు. లోపల మంచు కరుగుతున్నది." ఏప్రిల్‌లో ఒక సోమవారం మేం వచ్చేసరికి స్టాఫ్ రూములో కూలర్ లేదు. వెతికితే ల్యాబులో ఉంది, నిండా నీళ్ళు పోసి, కంప్యూటర్ ముఖాన తిప్పి, రెండు రోజులుగా తిరుగుతోంది. క్లాక్‌టవర్ దగ్గర కలిసిన ఈ అటెండరే పెట్టాడు. "ఎండలు మస్తున్నయ్ సారూ. లోపల మంచు కరుగుతాందని మీరే రాస్తిరి, జర సల్లగుంటదని పెట్టిన." మేం పడీపడీ నవ్వాం. మంచు సారు మాత్రం నవ్వలేదు. అతని భుజం మీద చెయ్యి వేసి, "ఇన్నేండ్లల్ల దానికి సల్లగ చేద్దామని అనుకున్నది నువ్వొక్కనివే," అన్నాడు. హాస్యానికి అన్నాడేమో అనుకున్నాను. కాదు, కళ్ళలో నీళ్ళున్నాయి.

ఏది అడిగినా రెండు జవాబులు ఇవ్వడం ఆయన అలవాటు. ఎండ ఇట్లాగే ఉంటే ఒకటి, పెరిగితే ఒకటి. మంచుకు అట్లా చెప్పీ చెప్పీ అన్నిటికీ అదే పట్టుకుంది. "సార్, నేను పాసైతనా?" అని పిల్లవాడు అడిగితే, "గిట్లనే చదివితె కావు. ఇంకింత తగ్గిస్తె అసలే కావు," అనేవాడు. పిల్లలకు కోపం రాలేదు. ఎందుకంటే ఆయన పాసైతడు అన్నవాడు అయ్యేవాడు. నోటిమాటగా "ఏం కాదు, ఫికర్ చెయ్యకు" అనడం ఆయనకు రాదు. మా ప్రిన్సిపాల్ తల్లికి ఆపరేషన్ అయితే అందరం "మంచిగైతది సార్" అన్నాం, ఈయన మాత్రం "ఆమె వయసెంత సార్?" అని అడిగాడు. నాకు చెంప పగలగొట్టాలనిపించింది.

ఇంకో అలవాటు, గోడల మీద అరచెయ్యి పెట్టి చూడటం. మే నెలలో, సాయంత్రం కాలేజీ వదిలే వేళకు, ఎండ తగ్గాక వరండా గోడ మీద చెయ్యి ఆనించి నిలబడేవాడు. ఏమిటని అడిగితే నా చెయ్యి కూడా పెట్టమన్నాడు. గోడ కాలుతోంది.

"పొద్దు గూకింది మేడం. గోడకింకా తెల్వదు."

ఆయన చదువంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. కొండ మీద ఇప్పుడున్న మంచు మన తాతల నాటి చలికి సరిపడా పేరుకున్న మంచట. ఇప్పటి ఎండకు ఎంత పోవాలో అంత ఇంకా పోలేదు. ఈ క్షణం ఎండ పెరగడం ఆగిపోయినా, పోవాల్సింది పోయి తీరుతుంది. పైకి తెల్లగా, గట్టిగా, ఫొటోలకు మంచిగానే కనిపిస్తుంది. "దాని పని అయిపోయింది మేడం. దానికింకా తెల్వదు." తర్వాత ఆ మాట ఆయన నోట ఎన్ని వాటి మీద విన్నానో. రెడీమేడ్ షాపు ఎదురుగా కొత్త బోర్డు రాయించుకుంటున్న టైలరును చూసి, "ఆయనకింకా తెల్వదు." కొత్తగా పెళ్ళయి రోజూ పోట్లాడుకునే పక్కింటి జంటను చూసి కూడా అదే మాట. వినేవాళ్ళకు ఒళ్ళు మండేది. నేనైతే ముఖం మీదే "మీ నోట్లె నుంచి ఒక్క మంచి మాట రాదా సార్?" అని దులిపేదాన్ని. "వస్తది మేడం, లెక్కల ఉంటె వస్తది," అనేవాడు.

ఇక మా తోట సంగతి. కట్టంగూర్ దగ్గర ఆరెకరాల బత్తాయి. బాపు చేత్తో పెట్టిన చెట్లు. బావి ఎండి బోరు, ఆ బోరు ఎండి ఇంకో బోరు, ఇట్లా తోటలో బోర్ల గుంతలే ఎక్కువయ్యాయి. ఆ ఏడు బాపుకు గొంతులో క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్‌లో చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. సరిగ్గా అప్పుడే తమ్ముడికి చౌటుప్పల్ దిక్కు ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ కొలువు వచ్చింది. వాడికి పెళ్ళాం, చదువుకునే బిడ్డ. నెలలోగా చేరాలి. చేరితే తోట చూసేవాళ్ళు లేరు. బాపు చెట్లను వదలమనడు, వదలొద్దనడు, రోజూ మంచం తోటలోకి వేయించుకుని చెట్ల వైపే చూస్తుంటాడు. తోట బతికేదైతే వాడు ఉండాలి, బతకనిదైతే పోవాలి. అంతే లెక్క.

"అక్కా, ఆ మంచు సారును జర తీస్కరా," అన్నాడు తమ్ముడు. "హిమాలయాల మీద మంచు లెక్క చెప్పెటోనికి భూమిల నీళ్ళ లెక్క రాదా?"

మా దిక్కు అందరిదీ అదే అభిప్రాయం. ఆయన కంప్యూటర్‌లో నీళ్ళు కనిపెడతాడని ఎట్లా పాకిందో పాకి, బోరు పాయింట్ చూపించమని రైతులు కాలేజీ గేటు దాకా వచ్చేవారు. చేతులు జోడించి పంపించేవాడు. నేను అడిగినప్పుడూ, "నాది మంచు మేడం, నీళ్ళు కాదు. రెండు వేరువేరు," అన్నాడు. నేను ఊరుకునే రకమా? మా బాపు రోగం సంగతి చెప్పి, తమ్ముడి కొలువు సంగతి చెప్పి, ఆయన తల్లి మీద ఒట్టు కూడా పెట్టినంత పని చేశాను. సరే, ఒక్కసారి చూస్తానని వచ్చాడు. వచ్చినవాడు వరసగా నాలుగు ఆదివారాలు వచ్చాడు.

గజానికొకటి ఎర్రగుడ్డ ముక్క కట్టిన తాడు, దాని కొసకు ఇనుప బోల్టు. నీళ్ళు చాలక మోటరు తీసేసిన పాత బోరులోకి ఆ తాడు దింపి, తడి ఎక్కడిదాకా తాకిందో స్కేలుతో కొలిచి రాసుకునేవాడు. చెట్ల మధ్య తిరిగి కొమ్మల కొసలు విరిచి చూసేవాడు. ఆ తర్వాత బాపు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఇద్దరికీ భలే కుదిరింది.

"ముందటికి పోవాలంటె ముందుగాల ఎన్కకు పోవాలె," అని బాపుకు చెప్పాడు. "పాత రోజులకాడికెల్లి లెక్కను ఇయ్యాల్టిదాక నడిపియ్యాలె. అది ఇయ్యాల మన బోరుల ఉన్న నీళ్ళ కాడికే వచ్చి ఆగాలె. ఆగితెనే దాన్ని నమ్మాలె. మంచుకు గూడ గిట్లనే చేస్త. చెప్పు, పాత ముచ్చట్లు చెప్పు."

బాపు గొంతు అప్పటికే బొంగురు. అయినా చెప్పాడు. ఆయనకు సంవత్సరాలు గుర్తుండవు, మనుషులు గుర్తు. "మా పెద్దబిడ్డ పుట్టిన ఏడు బాయిల ఎనిమిది గజాలకే నీళ్ళు. పోరడు బడికి పోయిన ఏడు మొదటి బోరు. మా అవ్వ సచ్చిపోయిన ఎండాకాలం బాయి మొత్తం ఒట్టిపోయింది, దినాలకు నీళ్ళు పక్క చేన్లకెల్లి తెచ్చినం." మా ఇంటి పుట్టుకలూ చావులూ పెళ్ళిళ్ళూ ఒక్కొక్కటే నీళ్ళ లోతులుగా మారి ఆయన నోట్‌బుక్‌లోకి పోయాయి. అంత శ్రద్ధగా మా బాపు మాట వినడం నేను ఎవరి దగ్గరా చూడలేదు. కడుపున పుట్టిన నేనూ వినలేదు.

నాలుగో ఆదివారం నన్ను పాత బావి దగ్గరికి పిలిచాడు.

"లెక్క కుదిరింది మేడం. బాపు చెప్పినయి ఒక్కటి గూడ తప్పలే."

"మరి ముందటికి?"

"ఎండ గిట్లనే ఉంటె నాలుగేండ్లు. పెరిగితె మూడు. ఇంకో బోరు వేస్తె ఇంకో ఏడు జరుగుతదేమో, అంతె. చెట్లు పచ్చగున్నయ్ గని కొసలు ఎండుతున్నయ్." తోట వైపు చూశాడు. తర్వాతి మాట నాకు తెలుసు. అనవద్దని చెయ్యి అడ్డం పెట్టాను.

ఇక్కడి నుంచి రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. నేను ఆయన కాళ్ళ మీద పడలేదు, అంతే తక్కువ. "సార్, బాపు రెండు నెలల మనిషి. ఆయన ముంగట ఈ మాట అనకండ్రి. తోట బతుకుతదని చెప్పుండ్రి," అన్నాను.

"నేను గట్ల ఎప్పుడు చెప్పలే మేడం."

"అందుకే మీరు చెప్పాలె. మేం చెప్తె బాపు నమ్మడు. మీరు చెప్తెనే నమ్ముతడు."

ఆయన స్కేలును బొటనవేలితో రుద్దాడు. "పక్కన తమ్ముడు గూడ ఉంటడు గద. ఆయన వింటె ఆగిపోతడు."

"వానికి నేను చెప్త. ఇయ్యాల్నే చెప్త. నా మీద ఒట్టు."

బాపు మంచంలో లేచి కూర్చున్నాడు, వెనక దిండు పెట్టించుకుని. తమ్ముడు మంచంకోడు పట్టుకుని నిలబడ్డాడు. "ఎన్కకు మస్తు తిప్పినవ్ సారూ. ఇగ ముందటికి నడిపియ్యి," అన్నాడు బాపు. మంచు సారు నోట్‌బుక్ తెరిచాడు. మళ్ళీ మూశాడు.

"బతుకుతది బాపూ."

బాపు ఆయన్నే చూశాడు. నాలుగు ఆదివారాల్లో మనిషి స్వభావం పట్టేశాడు కదా. "గది ఒకటి. రెండోది చెప్పు. ఎండ పెరిగితెనో?"

మంచు సారు ముఖం చూడాల్సింది. మనిషికి నిలువునా చెమటలు పట్టాయి.

"పెరిగినా బతుకుతది."

బాపు నవ్వాడు. గొంతు పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ ఎండిన చేత్తో మంచు సారు చెయ్యి పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. తమ్ముడు గట్టు మీదికి నడిచి, ఫోన్ తీసి, ఫ్యాక్టరీవాళ్ళకు రానని చెప్పేశాడు. వాడి గొంతులో ఎంత హుషారో మంచం దగ్గరున్న నాకు కూడా వినిపించింది.

అప్పుడే ఉరికి వాడి ఫోన్ గుంజుకోవాల్సింది. లేదా ఆ సాయంత్రం చెప్పాల్సింది. బాపు చెవిన పడుతుందని ఆ రోజు చెప్పలేదు. మరునాడూ చెప్పలేదు. రెండు నెలలన్న మనిషి ఆ సంతోషంతోనే ఎనిమిది నెలలు బతికాడు. ఆయన పోయేసరికి ఆ కొలువు ఇంకెవరికో పోయింది. తమ్ముడు కొత్త డ్రిప్పు పైపులు వేశాడు, ఇంకో బోరు దించాడు, దాంట్లో చుక్క పడలేదు. ఇప్పుడు చెప్పి ఏం లాభమని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మొదట్లో మంచు సారు అడిగేవాడు: "తమ్మునికి చెప్పిండ్రా మేడం?" రేపు చెప్త సార్ అనేదాన్ని. కొన్నాళ్ళకు అడగడం మానేశాడు. నా వైపు చూసి, కళ్ళు దించుకునేవాడు.

ఎండ పెరగలేదు, అట్లాగే ఉంది. నాలుగో ఎండాకాలం చెట్లు పైనుంచి కిందికి ఎండుతూ వచ్చాయి. జూన్‌లో జేసీబీ పెట్టి పీకించారు. మరుసటి రోజు తమ్ముడు నేరుగా కాలేజీకి వచ్చాడు, చెప్పులకు తోట మట్టి అట్లాగే ఉంది. స్టాఫ్ రూములో అందరం ఉన్నాం. వాడు నన్ను చూడనే లేదు.

"ఏ లెక్కన చెప్పినవ్ సారూ?" అన్నాడు. "నువ్వు అబద్ధం ఆడవని ఊరంత అంటె నమ్మిన. పెరిగినా బతుకుతది అంటివి. వచ్చిన కొలువు వదులుకున్న. నాలుగేండ్లు ఆ చెట్లకాడ కుక్కలెక్క కావలున్న. చెప్పు, ఏ లెక్కన?"

మంచు సారు లేచి నిలబడ్డాడు. ఆయన ఒక్క వేలు నా వైపు చూపిస్తే చాలు. ఒక్కసారి నా వైపు చూసినా చాలు, నేనే నోరు తెరిచేదాన్నేమో. చూడలేదు.

"తప్పయింది తమ్మీ," అన్నాడు. "లెక్క తప్పింది."

ఎంత మాట అది! నిలకడైన ఉద్యోగం లేదు, పేరు లేదు, ఇల్లు లేదు. ఆయనకున్నదల్లా లెక్క తప్పదన్న మాటొక్కటి. దాన్ని అందరి ముందూ తీసి వాడి కాళ్ళ దగ్గర పెట్టాడు. నేను హాజరు పట్టీ చేతిలో పట్టుకుని, గోడకు కొట్టిన బొమ్మలా నిలబడ్డాను. నోరుగల్లదాన్నని పేరు పొందినదాన్ని, ఆ రోజు నా నోట్లో నాలుక లేకుండా పోయింది. థూ, నా బతుకు.

ఆ శనివారం ఆయన లెక్క మొదలుపెట్టలేదు. కంప్యూటర్ మీది కాగితం గోటితో గీకి తీసేస్తుంటే అటెండరు, "మంచు అయిపోయిందా సారూ?" అని అడిగాడట. "అయిపోయింది," అన్నాడట. మరుసటి ఏడుకు కాంట్రాక్టు పొడిగించుకోలేదు. పోయే రోజు నేను గేటు దాకా వెంట వెళ్ళి, "సార్, నన్ను క్షమించుండ్రి," అన్నాను. ఆయన వరండా గోడ మీద ఒకసారి చెయ్యి పెట్టాడు, అలవాటు కదా. "బాపు ఎనిమిది నెలలు మంచిగున్నడు మేడం. గది నా లెక్కల లేకుండె," అన్నాడు. అంతకుమించి నన్ను ఓదార్చలేదు. ఓదార్చడం ఆయనకు రాదు.

ఇంకో దారుణం చెప్పాలి. తోట పీకిన మరుసటి ఏడు వానలు దంచికొట్టాయి. పాత బోరు నిండి పైకి పొంగింది. నీళ్ళు పొలం గట్టు దాటి రోడ్డు మీదికి పోతుంటే తమ్ముడు గొడుగు కూడా లేకుండా నిలబడి చూశాడు. ఒకప్పుడు మంచు సారును అడిగాను, మళ్ళీ చలి వస్తే మంచు మళ్ళీ వస్తుందా అని. "చలి ఒక్క ఏడుల వస్తది మేడం. మంచు రాదు," అన్నాడు. అప్పుడు సరిగ్గా వినలేదు.

మొన్న బస్టాండు నుంచి నార్కట్‌పల్లి బస్సెక్కాను. అక్కడ హైవే మీది ఒక హోటల్ ముందు తమ్ముడు పార్కింగ్ చూస్తాడు. ఖాకీ చొక్కా, మెడలో విజిల్. బస్సులను వెనక్కి పెట్టించడం, కార్లను ముందుకు పంపించడం వాడి పని. నన్ను చూసి, "ఏందక్కా, చెప్పకుండ వచ్చినవ్?" అని నీడలోకి తీసుకుపోయాడు. సంచి ఇచ్చాను. ఒక కాయ తీసి వాసన చూసి, "మన కాయ కాదు," అన్నాడు. తోలు తీసి నాకు సగం ఇచ్చాడు.

"మంచు సారు పోయిండురా."

వాడి చెయ్యి ఆగింది. నేను చెప్పేద్దామనే వచ్చాను. దారి పొడుగునా మాటలు కూర్చుకునే వచ్చాను.

"పాపం," అన్నాడు. "ఆ రోజు అంతమందిల నేను అట్ల మొత్తుకోకుండ ఉండాల్సింది. మంచోడే అక్కా. అబద్ధమాడెటోడు కాదు. లెక్కొక్కటె రాలే ఆయనకు."

అంతలో ఒక బస్సు లోపలికి తిరిగింది. వాడు మిగిలిన కాయ నా చేతిలో పెట్టి, విజిల్ ఊదుకుంటూ ఉరికాడు. "ఎన్కకు, ఎన్కకు, ఇంకా రానియ్యి" అంటూ చెయ్యి ఊపుతున్నాడు. నేను తిరుగు బస్సెక్కాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఎదురుగా చెప్పే ధైర్యం నాకు ఈ జన్మకు రాదని తేలిపోయింది. తమ్ముడు పత్రికలు చదవడు. వాడి బిడ్డ చదువుతుంది. మేనత్త రాసింది ఎక్కడ అచ్చయినా ఆదివారం పొద్దున వాళ్ళ నాయినను కూర్చోబెట్టి, పైకి చదివి వినిపిస్తుంది. ఇది కూడా వినిపిస్తుంది. వాడు చాయ్ గ్లాసు పట్టుకుని, బత్తాయిల దగ్గర నవ్వుతాడు. కూలర్ దగ్గర ఇంకా పెద్దగా నవ్వుతాడు. ఆ తర్వాత ఆ పిల్ల పాత బావి సంగతికి వస్తుంది.

ఇప్పుడైతే నార్కట్‌పల్లిలో ఎండలో నిలబడి, అక్క మంచిదనుకుంటూ, విజిల్ ఊదుతుంటాడు. వానికింకా తెల్వదు.